ధ్రువాల్లో లైకెన్లు, నాచులు: తడి గంటల లెక్క

ఒక ఎం.ఎస్సీ. వృక్షశాస్త్ర విద్యార్థి అడిగిన ప్రశ్న ఇది: "చెట్టూ చేమా లేని అంటార్కిటికాలో లైకెన్లు, నాచులు ఎలా బతుకుతున్నాయి? అక్కడ వేడి పెరుగుతోంది కదా, వాటికి అది మంచిదేనా? అంటార్కిటికా పచ్చబడుతోందని ఒక వార్త, నాచు చచ్చిపోతోందని ఇంకో వార్త. ఏది నిజం? దీని మీద ప్రాజెక్టు చేయాలంటే ఏం కొలవాలి?"

రెండు వార్తలూ నిజమే. ఒకటి ఖండంలో ఒక మూల సంగతి, రెండోది ఇంకో మూల సంగతి. ఇవి ఒకదానికొకటి అడ్డుగా కనిపించడానికి కారణం, మనం ఉష్ణోగ్రతను మాత్రమే చూడడం. ఈ జీవుల జమాఖర్చు డిగ్రీల్లో నడవదు, తడి గంటల్లో నడుస్తుంది. ఏడాదిలో ఎన్ని గంటలు తడిగా ఉన్నాయి, ఆ గంటల్లో వెలుతురు ఉందా లేదా, ఆ తడి ఒక్క దఫాగా వచ్చిందా ముక్కలుముక్కలుగా వచ్చిందా అన్న మూడు సంగతులు తెలిస్తే మిగతాదంతా దాదాపు దానంతటదే అర్థమవుతుంది.

ముందు పేర్లు. తెలుగులో చెరువు నీళ్ళ మీద పాకేదీ నాచే, సముద్రంలో పెరిగేదీ నాచే. ఇక్కడ నాచు అంటున్నది మాస్‌ని. వానాకాలంలో ప్రహరీ గోడల మీద పచ్చటి మెత్తలా పరుచుకునే చిన్న మొక్క అది. లైకెన్ మొక్క కాదు. ఒక శిలీంధ్రం, దాని పోగుల మధ్య కాపురముండే ఆకుపచ్చ శైవలమో (ఆల్గే) సయనోబాక్టీరియానో (వెలుతురుతో తిండి చేసుకునే బాక్టీరియా) కలిసి కట్టుకున్న ఇల్లు అది. కిరాణా కొట్లో బిర్యానీ మసాలాలోకి కొనే రాతి పువ్వు లైకెనే. అంటార్కిటికా సొంతమైన పూలమొక్కలు రెండే రెండు, ఒక గడ్డి, ఒక చిన్న మెత్త మొక్క. నాచులు మాత్రం నూరుకు పైగా ఉన్నాయి, లైకెన్లు సుమారు 400 జాతులు. ఖండంలో మంచు లేని నేల ఒక శాతం కన్నా తక్కువ. అందులోనే వీటి సంసారమంతా.

ఎలా బతుకుతాయన్న దానికి మొదటి జవాబు మీ కాలేజీ గోడ మీదే దొరుకుతుంది. మన ఊళ్ళలో పాత గోడల మీద హయోఫిలా అనే నాచు విరివిగా ఉంటుంది. మార్చి ఎండల్లో చూస్తే ఆకులు లోపలికి చుట్టుకుపోయి గోధుమరంగు పొట్టులా కనిపిస్తుంది. చిటికెడు పీకి చేతి భూతద్దం కింద పెట్టి ఒక్క నీటి చుక్క వేయండి. చూస్తుండగానే చుట్ట విడివడి ఆకులు నక్షత్రంలా విచ్చుకుంటాయి, పచ్చదనం తిరిగొస్తుంది. అంటార్కిటికా నాచు చేసేదీ ఇదే. నీటిని పైకి తోడే వేళ్ళు దీనికి లేవు, నీరు పోకుండా ఆపే మందపాటి తొక్క లేదు, ఆకు చాలా జాతుల్లో ఒక్క కణం మందమే. చుట్టూ తడి ఉంటే తడుస్తుంది, పొడిగా ఉంటే ఎండుతుంది. వేపచెట్టు నీటిని పట్టి ఉంచుకుని బతుకుతుంది. నాచు, లైకెన్ నీటిని వదిలేసి బతుకుతాయి.

ఎండేటప్పుడు కణం లోపల జరిగేది తెలుసుకోవాలి. లైకెన్లలో రిబిటాల్, అరబిటాల్, మానిటాల్ వంటి చక్కెర ఆల్కహాళ్ళు, నాచుల్లో సుక్రోజు ముందే నిల్వ ఉంటాయి. నీరు తగ్గేకొద్దీ ఇవి చిక్కబడి, అరిసెల కోసం పెట్టిన పాకం ముదిరి గట్టిపడ్డట్టు, కణద్రవ్యమంతా గాజులా బిగుసుకుంటుంది. పొరలు ఒకదానికొకటి అతుక్కోకుండా, ప్రొటీన్లు ముద్ద కట్టకుండా ఆ గాజు ఎక్కడివక్కడ పట్టి ఉంచుతుంది. నీటి శాతం పొడి బరువులో పదో వంతుకు పడిపోయినా ప్రాణం పోదు, పని మాత్రం ఆగిపోతుంది. పని ఆగిన దాన్ని చలి పెద్దగా ఏమీ చేయలేదు. బాగా ఎండిన కొన్ని లైకెన్లను ద్రవ నత్రజనిలో, అంటే మైనస్ 196 డిగ్రీల్లో ముంచి తీసినా తర్వాత కోలుకున్నాయి. జాంథోరియా ఎలిగెన్స్ అనే నారింజరంగు లైకెన్ 2005లో రెండు వారాలు అంతరిక్షంలో ఉపగ్రహం బయట ఉండి వచ్చి మళ్ళీ కిరణజన్య సంయోగక్రియ మొదలెట్టింది.

తడిగా ఉండగా గడ్డకడితే? అప్పుడు కూడా మంచు పలుకులు ముందుగా కణాల మధ్య ఖాళీల్లో పుడతాయి. ఆ మంచు కణంలోని నీటిని బయటికి లాగేస్తుంది. అంటే గడ్డకట్టడం కూడా కణం దృష్టిలో ఒక రకం ఎండడమే. ఎండిపోవడాన్ని తట్టుకునే విద్య నేర్చిన జీవికి చలి విద్య వేరే నేర్చుకోవాల్సిన పని తక్కువ. పుస్తకాల్లో ఈ రెండింటినీ రెండు అధ్యాయాలుగా చదవడం వల్ల విద్యార్థులకు ఈ లంకె తప్పిపోతూ ఉంటుంది.

లైకెన్ దగ్గర ఇంకో విద్య ఉంది. శైవలం ఆకుపచ్చదైతే ద్రవరూపంలో నీరు లేకున్నా, గాలిలోని తేమతోనే పనిలోకి దిగగలదు. సయనోబాక్టీరియా ఉన్న లైకెన్‌కు మాత్రం నీటి చుక్క తగలాల్సిందే. ఖండం లోపలికి వెళ్ళేకొద్దీ రాళ్ళ మీద మిగిలేవి ఆకుపచ్చ శైవలం ఉన్న జాతులే కావడానికి ఇది ఒక ముఖ్యమైన కారణం. పక్కనున్న మంచు నుంచి లేచే ఆవిరితో కూడా ఇవి నానగలవు. అంబిలికేరియా అప్రైనా అనే లైకెన్ మంచు కింద మైనస్ 17 డిగ్రీల దగ్గర కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుంటున్నట్టు అక్కడికక్కడే కొలిచారు.

ఇక ఖర్చు వైపు. దీన్ని వదిలేస్తే తర్వాత చెప్పేదేదీ అర్థం కాదు. ఎండిన లైకెన్ తడవగానే మొదట చేసేది సంపాదన కాదు, మరమ్మతు. శ్వాసక్రియ ఒక్కసారిగా ఎగుస్తుంది, నిల్వ ఉన్న చక్కెర ఖర్చవుతుంది. కిరణజన్య సంయోగక్రియ పుంజుకుని ఈ ఖర్చును దాటడానికి జాతిని బట్టి నిమిషాల నుంచి గంటల దాకా పడుతుంది. అర్థం కావడానికి రూపాయల్లో ఊహాలెక్క ఒకటి వేద్దాం. తడిసిన ప్రతిసారీ మరమ్మతుకు 10 రూపాయలు, వెలుతురులో తడిగా గడిపిన ప్రతి గంటకూ 4 రూపాయల రాబడి అనుకోండి. ఒకే రోజు వరసగా 8 గంటలు తడిగా ఉంటే రాబడి 32, ఖర్చు 10, మిగులు 22. అవే 8 గంటలు రోజుకొక గంట చొప్పున 8 రోజులకు పంచితే రాబడి 32, ఖర్చు 80, నష్టం 48. మొత్తం తడి గంటలు సమానమే. ఒకటి బతుకుతుంది, ఇంకొకటి కొన్నేళ్ళకు నిల్వలు కరిగి చస్తుంది.

దీనికి ఇంకో పద్దు కలపండి. తడిగా ఉండి చీకట్లో ఉంటే రాబడి సున్నా, శ్వాసక్రియ ఖర్చు మాత్రం నడుస్తూనే ఉంటుంది. వేడి పెరిగేకొద్దీ ఆ ఖర్చు కిరణజన్య సంయోగక్రియ కన్నా వేగంగా పెరుగుతుంది. ఉష్ణమండల పల్లపు ప్రాంతాల్లో ఆకుల్లాంటి పెద్ద లైకెన్లు తక్కువగా ఉండడానికి ఒక ముఖ్య కారణం ఇదేనని పరిశోధకుల వాదన: రాత్రంతా తడి, రాత్రంతా వెచ్చదనం, పగలు పదిగంటలకల్లా ఎండిపోవడం. ధ్రువ ప్రాంతపు వేసవిలో ఇదంతా తిరగబడుతుంది. సూర్యుడు అస్తమించడు, కాబట్టి చీకటి ఖర్చు ఉండదు. చల్లగా ఉంటుంది కాబట్టి శ్వాసక్రియ అదుపులో ఉంటుంది. అంటే చలి ఈ జీవులకు ఒక రకంగా పొదుపు. వేడి పెరిగితే మంచిదే కదా అన్న ప్రశ్న దగ్గర నేను వెంటనే అవునని అనకపోవడానికి కారణం ఇదే.

గాలి ఉష్ణోగ్రత చూసి ఈ జీవుల ఉష్ణోగ్రతను ఊహించకూడదు. గాలి సున్నా దగ్గర ఉన్నప్పుడు ఎండ తగిలే నాచు మెత్త లోపల 20 డిగ్రీలు దాటడం మామూలే. మెత్త నేలబారుగా ఉంటుంది, గాలి దానిమీదుగా జారిపోతుంది, ముదురు రంగు ఎండను పట్టేస్తుంది. విక్టోరియా ల్యాండ్‌లోని మెక్‌మర్డో పొడి లోయల్లో ఇమ్రే ఫ్రీడ్‌మన్ అనే శాస్త్రవేత్త 1970లలో బయటపెట్టిన సంగతి దీనికి పరాకాష్ఠ. అక్కడ బీకన్ ఇసుకరాయి పైకి బోసిగా ఉంటుంది. పగలగొట్టి చూస్తే పై తొక్క కింద కొద్ది మిల్లీమీటర్ల లోతులో ముందు ఒక నల్లటి చార, దాని కింద తెల్లటి చార, ఆ కింద ఆకుపచ్చ చార. ఇసుక రేణువుల మధ్య సందుల్లో లైకెన్ కాపురముంటోంది. రాయి అర్ధపారదర్శకం కాబట్టి కొంచెం వెలుతురు లోపలికి దిగుతుంది. రాయి మీద పడి కరిగిన మంచు లోపల కొన్ని రోజులు నిలుస్తుంది. బయట గాలి కోస్తున్నా లోపల ఎండపూట పని నడుస్తుంది.

ఇన్ని ఏర్పాట్లున్నా పెరుగుదల చాలా నెమ్మది. ఆ పొడి లోయల్లో బ్యుయెల్లియా ఫ్రిజిడా అనే నల్ల లైకెన్ ఒక మిల్లీమీటరు విస్తరించడానికి నూరేళ్ళ లెక్కలో కాలం పడుతుంది. తూర్పు అంటార్కిటికాలోని కేసీ స్టేషన్ దగ్గర నాచు పొడవు ఏడాదికి 0.2 నుంచి 3.5 మిల్లీమీటర్ల మధ్య పెరుగుతుందని తేల్చారు. తేల్చిన పద్ధతి ముచ్చటైనది. 1950లు, 60లలో జరిగిన అణుపరీక్షల వల్ల గాలిలో రేడియోకార్బన్ ఒక్కసారి ఎగిసి, 1960ల మధ్యనుంచి దిగుతూ వచ్చింది. నాచు ఏ ఏడు పీల్చిన కార్బన్ ఆ ఏటి కాండంలోనే ఉండిపోతుంది కాబట్టి, ఒక్కో కాండాన్ని మిల్లీమీటర్ల ముక్కలుగా కోసి కొలిస్తే ఏ ముక్క ఏ ఏటిదో తెలుస్తుంది. మూడు నాలుగు అంగుళాల మెత్త ఒక ముసలివాడి వయసుదై ఉండొచ్చు. ఆ మెత్త మీద బూటు పెడితే ఆ గుర్తు దశాబ్దాలు మానదు.

తిండి సంగతి కొంచెం. నత్రజని ఎక్కువగా సముద్రం నుంచి పెంగ్విన్ల ద్వారా వస్తుంది. వాటి రెట్ట నుంచి లేచే అమ్మోనియా గాలిలో కిలోమీటరు పైచిలుకు దూరం పోయి లైకెన్లకు, నాచులకు అందుతుంది. కేసీ దగ్గర కొన్ని నాచు మెత్తలు వేల ఏళ్ళ కిందట పెంగ్విన్లు వదిలేసి వెళ్ళిన పాత కాలనీల నేల మీద, ఆ పాత ఎరువుతోనే పెరుగుతున్నాయి.

ఇప్పుడు మార్పు. అంటార్కిటిక్ ద్వీపకల్పం పశ్చిమ అంచున ఎలిఫెంట్, ఆర్డ్లీ, గ్రీన్ ద్వీపాల్లో నాచు ఏళ్ళ తరబడి ఒకదానిపై ఒకటి పెరిగి గట్టులు కట్టింది. ఎలిఫెంట్ ద్వీపంలోని గట్టులు 5000 ఏళ్ళ పైబడ్డవి. వాటిలోంచి గొట్టంతో నిలువునా తీసిన నమూనాల్ని చూసి, 1950 తర్వాత నాచు పెరుగుదల అంతకు ముందుకన్నా నాలుగైదు రెట్లు అయిందని 2017లో ప్రచురించారు. 2024లో వచ్చిన ఉపగ్రహ అధ్యయనం ప్రకారం ద్వీపకల్పంలో మొక్కలు పరుచుకున్న విస్తీర్ణం 1986లో 0.863 చదరపు కిలోమీటర్లు, 2021లో 11.947. పచ్చబడుతోందన్న వార్త ఇది. నిజమే, వేగమూ నిజమే. కానీ ద్వీపకల్పం విస్తీర్ణం 5 లక్షల చదరపు కిలోమీటర్ల పైమాట. పత్రికల్లో వేసే పచ్చటి బొమ్మలు చూసి పొలాలు ఊహించుకోకండి.

అక్కడ వేడి పనికొచ్చింది ఎందుకంటే తీరప్రాంతం కాబట్టి నీరుంది. వేడి పెరిగితే కరుగునీరు పెరిగింది, వేసవి సాగింది, తడి గంటలు పెరిగాయి.

కేసీ దగ్గర విండ్‌మిల్ ద్వీపాల్లో కథ వేరు. ఆస్ట్రేలియా శాస్త్రవేత్త షారన్ రాబిన్సన్ బృందం 2000 నుంచి 2013 దాకా నేల మీద గుర్తు పెట్టుకున్న అవే చతురస్రాలను మళ్ళీ మళ్ళీ చూస్తూ వచ్చింది. 2018లో వచ్చిన ఫలితం ప్రకారం, పచ్చగా ఉన్న మెత్తలు ముందు ఎర్రబడ్డాయి, తర్వాత బూడిదరంగుకు తిరిగాయి. ఎరుపు ఒత్తిడి గుర్తు: ఎక్కువైన వెలుతురు నుంచి కాచుకునే రంగుపదార్థాలు పెరిగి, పత్రహరితం తగ్గింది. బూడిదరంగు దాదాపు చావు. ఆ పదమూడేళ్ళలో షిస్టిడియం అంటార్క్టిసై తగ్గి, సెరటోడాన్ పర్ప్యూరియస్, బ్రయమ్ స్యూడోట్రైక్వెట్రమ్ పెరిగాయి. మొదటిది అంటార్కిటికా సొంత జాతి, మునకను తట్టుకుంటుంది, ఎండడాన్ని అంతగా తట్టుకోలేదు. సెరటోడాన్ ప్రపంచంలో ఎన్నో నగరాల కాలిబాటల మీద పెరిగేదే, ఎండడంలో ఆరితేరింది. అతినీలలోహిత కిరణాల్ని అడ్డుకునే పదార్థాల్ని అది కణకవచంలోనే బిగించి పెట్టుకుంటుంది. జాతుల పట్టికలో జరిగిన ఈ అదలుబదలు చూసే ఆ నేల ఆరిపోతోందని చెప్పొచ్చు.

ఎందుకు ఆరింది? ఓజోను రంధ్రం వల్ల ఎగువ వాతావరణం చల్లబడి, దక్షిణ మహాసముద్రం మీది పడమటి గాలులు బలపడి ఖండం వైపు జరిగాయి. ఆ తీరంలో గాలి పెరిగితే తడి ఎగిరిపోతుంది. అక్కడ వేసవి పెద్దగా వేడెక్కలేదు, అయినా నాచు దెబ్బతింది. దీనికి సాక్ష్యం నాచు లోపలే ఉంది. నాచు నీటిలో మునిగి ఉంటే ఆ నీటిపొర కార్బన్ డయాక్సైడ్‌ను నెమ్మదిగా లోపలికి వదులుతుంది. దొరికిందే మహాభాగ్యమని నాచు బరువైన కార్బన్-13నూ వాడేస్తుంది. నేల ఆరినప్పుడు వాయువు ధారాళంగా అందుతుంది, తేలికైన కార్బన్-12ను ఏరుకునే వీలుంటుంది. కాబట్టి కాండం పొడవునా కార్బన్-13 నిష్పత్తి తగ్గుతూ వస్తే, ఆ చోటు ఆరుతూ వచ్చిందని అర్థం. ఇక 2020 జనవరి 24న కేసీలో 9.2 డిగ్రీలు నమోదై కరుగునీరు పోటెత్తింది. ఒక మెత్తకు అది దాహం తీర్చే నీరు, పల్లంలో ఉన్న ఇంకో మెత్తకు వరద.

మూడో ఉదాహరణ నా దృష్టిలో అన్నిటికన్నా పాఠం నేర్పేది, వార్తల్లోకి రానిది. ద్వీపకల్పం 1990ల చివర్నుంచి పదిహేనేళ్ళకు పైగా కొద్దిగా చల్లబడింది. దక్షిణ షెట్లాండ్ దీవుల్లోని లివింగ్‌స్టన్ ద్వీపంలో అంతకుముందు చకచకా పెరిగిన లైకెన్లు ఆ కాలంలో చాలాచోట్ల చచ్చాయి. చలి చంపలేదు. వేసవిలో మంచు ఎక్కువ కాలం కరగకుండా నిలిచింది. మంచు కప్పు కింద ఉష్ణోగ్రత సున్నా దగ్గరే, తడి పుష్కలం, వెలుతురు లేదు. మనం ముందు వేసుకున్న లెక్కలో చివరి పద్దు ఇదే: తడి, చీకటి, రాబడి సున్నా, ఖర్చు నడుస్తూనే ఉంటుంది. లోపలి ఖండంలో మైనస్ 40లో ఎండిపోయి పడి ఉన్న లైకెన్ క్షేమంగా ఉంటుంది. సున్నా దగ్గర తడిగా చీకట్లో నెలలు గడిపిన లైకెన్ నిల్వలు కరిగి చస్తుంది.

ఉత్తర ధ్రువం వైపు వస్తే శత్రువు మారుతుంది. అక్కడ లైకెన్లకు పూలమొక్కలతో పోటీ ఉంది. మరుగుజ్జు బర్చ్, విల్లో పొదలు వెచ్చదనానికి ఎత్తుగా పెరిగి నీడ పడేస్తున్నాయి, ఆకులు రాల్చి కింద ఉన్నదాన్ని కప్పేస్తున్నాయి. రైన్‌డీర్ తినే క్లాడోనియా లైకెన్లు ఏడాదికి కొద్ది మిల్లీమీటర్లే ఎదుగుతాయి కాబట్టి పొదల్ని గెలవలేవు. మేతకో మంటకో ఒకసారి పోతే తిరిగి మేపుకు వచ్చేంత దట్టం కావడానికి దశాబ్దాలు పడుతుంది. చలికాలంలో మంచు మీద వాన పడడం ఇంకో దెబ్బ. ఆ వాన గడ్డకట్టి లైకెన్ మీద అద్దంలా పరుచుకుంటుంది. సైబీరియాలోని యమాల్ ద్వీపకల్పంలో 2013 నవంబరులో ఇలాగే జరిగి, మేత అందక 61,000 రైన్‌డీర్లు చనిపోయాయి. లైకెన్ కిందే ఉంది, పశువు గిట్ట ఆ అద్దాన్ని పగలగొట్టలేకపోయింది. నడి చలికాలంలో కొద్ది రోజులు మంచు కరిగించి ఉత్తర స్వీడన్‌లో చేసిన ప్రయోగాల్లో హైలోకోమియమ్ నాచు పెరుగుదల పడిపోయింది, పక్కనే ఉన్న పెల్టిజెరా లైకెన్ చెక్కుచెదరలేదు. నాచులు, లైకెన్లు అని ఒకే గాటన కట్టి తీర్పు చెప్పొద్దనడానికి ఇది చాలు.

అక్కడి నాచు నేలకు చేసే మేలు కూడా చెప్పాలి. వేసవిలో పై మెత్త ఎండి, కుదురుగా పరిచిన ఎండుగడ్డిలా వేడిని కిందికి పోనివ్వదు. శీతాకాలంలో తడిసి గడ్డకట్టినప్పుడు అదే మెత్త వేడిని బాగా ప్రసరింపజేసి నేలలోని వెచ్చదనాన్ని బయటికి పంపేస్తుంది. ఏడాది మొత్తం మీద నేల చల్లబడుతుంది, కింద పర్మాఫ్రాస్ట్ (ఏళ్ళ తరబడి గడ్డకట్టి ఉండే నేల) నిలుస్తుంది. మంటల్లో నాచు కాలిపోయిన చోట నేల ఎక్కువ లోతుకు కరగడానికి ఇదీ ఒక కారణం.

పాతిపెట్టినదాంట్లోంచి తిరిగి లేచే శక్తి గురించి రెండు మాటలు. కెనడాలోని ఎల్స్‌మియర్ ద్వీపంలో టియర్‌డ్రాప్ హిమానీనదం వెనక్కి తగ్గినప్పుడు బయటపడ్డ నాచు, 400 ఏళ్ళు మంచు కింద ఉండి కూడా ప్రయోగశాలలో చిగిర్చింది. 2013 నాటి ఫలితమిది. మరుసటి ఏడు అంటార్కిటికా వైపు దక్షిణ ఓర్క్నీ దీవుల్లోని సిగ్నీ ద్వీపపు గట్టు నుంచి తీసిన కోరిసోడాంషియం నాచు, 1500 ఏళ్ళకు పైగా గడ్డకట్టి ఉన్నది, వెలుతురూ వెచ్చదనమూ ఇస్తే కొన్ని వారాల్లో కొత్త మొలక వేసింది. బయట నుంచి గింజో సిద్ధబీజమో వచ్చి పడకుండానే కరిగిన నేల మళ్ళీ పచ్చబడగలదని దీని అర్థం. అదే సిగ్నీలో ఫర్ సీళ్ళ సంఖ్య పెరిగి, వాటి తొక్కిడికి ఇలాంటి గట్టులే చితికిపోయాయి.

ఇక మీ ప్రాజెక్టు. అంటార్కిటికా వెళ్ళకపోయినా పద్ధతి నేర్చుకోవడానికి గోడ నాచు, అరకు వైపు చెట్ల లైకెన్లు చాలు.

నీటి శాతం: నమూనా మీది చుక్కల్ని వడపోత కాగితంతో అద్ది తూచాలి, 60-70 డిగ్రీల ఓవెన్లో 48 గంటలు ఎండబెట్టి మళ్ళీ తూచాలి. తేడాను పొడి బరువుతో భాగించి వందతో గుణించాలి. తడి బరువుతో భాగించడం మామూలుగా జరిగే పొరపాటు, అలా చేస్తే ఎవరి లెక్కతోనూ పోల్చలేరు. నాచుకు 500, 800 శాతం వచ్చినా కంగారు పడక్కర్లేదు. ఆకుల సందుల్లో పట్టిన నీరు కూడా అందులో ఉంటుంది. నమూనాలో ఇరుక్కున్న ఇసుక మాత్రం లెక్కను పాడుచేస్తుంది, ఓపిగ్గా ఏరాలి.

పత్రహరిత ఫ్లోరెసెన్స్: పత్రహరితం తిరిగి వెదజల్లే వెలుతురును బట్టి కిరణజన్య సంయోగక్రియ ఎంత బాగా నడుస్తోందో చెప్పే Fv/Fm అనే నిష్పత్తి ఇది. ఇరవై నిమిషాలు చీకట్లో ఉంచి కొలిస్తే ఆరోగ్యమైన నాచు 0.7 నుంచి 0.8, లైకెన్ 0.6 నుంచి 0.7 మధ్య ఇస్తుంది. ఎండిన నమూనాకు సున్నా దగ్గర వస్తుంది. దాన్ని చూసి చచ్చిందని రాసేవాళ్ళు ఉన్నారు, అది తప్పు. చల్లగా, మసక వెలుతురులో ఒక రోజు తడిపి ఉంచి మళ్ళీ కొలవాలి, అప్పటికీ లేవకపోతే చచ్చినట్టు. లైకెన్‌ను నీటిలో ముంచి ఉంచకండి. మరీ నానితే సందులు నీటితో మూసుకుపోయి కార్బన్ డయాక్సైడ్ అందదు, సంయోగక్రియ పడిపోతుంది. నీళ్ళు చిలకరించి మూత పెట్టడం మేలు.

వేడి ప్రయోగం: పైన తెరిచి ఉన్న ఆరుపలకల ప్లాస్టిక్ గూళ్ళు వాడతారు, లోపల ఒకటి రెండు డిగ్రీలు పెరుగుతుంది. చిక్కేమిటంటే గూడు గాలిని ఆపుతుంది, మంచును పోగు చేస్తుంది లేదా అడ్డుకుంటుంది, తేమను మారుస్తుంది. ఫలితం వేడి వల్లనా తడి మారడం వల్లనా అని తేలాలంటే గూట్లోనూ బయటా మెత్త లోపల ఉష్ణోగ్రత, తడి రెండూ అరగంటకోసారి నమోదయ్యే లాగర్ పెట్టాలి. గాలి ఉష్ణోగ్రత ఒక్కటే రాసిన ప్రయోగాన్ని నేనైతే నమ్మను.

ఉపగ్రహ చిత్రాలు: లాండ్‌శాట్ చిత్రంలో ఒక చుక్క 30 మీటర్ల చదరం. అరచేతి వెడల్పు మెత్తలు అందులో కనిపించవు. నల్లటి, బూడిదరంగు లైకెన్లు పచ్చదనం సూచికలో దాదాపు రాయిలాగే కనిపిస్తాయి. పైగా అదే నాచు వాన పడ్డ మర్నాడు ఒక విలువ, వారం ఎండాక ఇంకో విలువ ఇస్తుంది. రెండు సంవత్సరాల చిత్రాలు పోల్చేటప్పుడు తీసిన తేదీకి ముందు వారం వాతావరణం చూడకపోతే, తడి తేడాను పెరుగుదల అనుకునే ప్రమాదం ఉంది.

మన దేశపు స్టేషన్ల దగ్గర ఈ పని చేయడానికి చోటుంది. మైత్రి ఉన్న షిర్మాకర్ ఒయాసిస్‌లో సరస్సుల అంచున, కరుగునీరు పారే జాడల వెంట నాచు పెరుగుతుంది. భారతి స్టేషన్ దగ్గర 2016-17 యాత్రలో సేకరించిన నాచుకు పంజాబ్ కేంద్రీయ విశ్వవిద్యాలయం వాళ్ళు 2021లో బ్రయమ్ భారతియెన్సిస్ అని పేరు పెట్టారు. అక్కడ చిటికెడు నాచు తీయాలన్నా ముందుగా అనుమతి కావాలి. 1991 మాడ్రిడ్ ప్రోటోకాల్, మన 2022 అంటార్కిటికా చట్టం రెండూ ఆ మాటే చెబుతాయి. చతురస్రం 25 సెంటీమీటర్లది చాలు. నాలుగు మూలలా రాతికి గుర్తులు పెట్టి, కెమెరాను స్టాండుకు బిగించి ఒకే ఎత్తు నుంచి, రంగుల కార్డు పక్కన ఉంచి ఫొటో తీయండి. తీసేముందు ఒక స్ప్రే సీసాతో కొద్ది నీళ్ళు చల్లి కాసేపు ఆగండి. ప్రతిసారీ అదే మోతాదు, అదే వ్యవధి పాటించండి. తడిపిన సంగతి ఫొటో సంఖ్య పక్కనే పుస్తకంలో రాయండి, లేకపోతే అయిదేళ్ళ తర్వాత ఆ ఫొటో చూసేవాళ్ళకు పచ్చదనం నాచుదో మీ నీళ్ళదో తెలియదు. నిలబడేటప్పుడు రాతి మీద నిలబడండి.